బెజ్జం లేని పూసలు

"ముట్టుకోకండి! అది సాక్ష్యం."

ఇన్‌స్పెక్టర్ శేషాచలం గొంతు వంటింటి గుమ్మంలోంచి ఖంగుమంది. పొయ్యి ముందు గొంతుక్కూర్చున్న ప్రమీలారాణి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండు నాపరాళ్ళ మధ్య సందులో ఇరుక్కున్న నల్లటి పలుకొకదాన్ని తలపిన్నుతో నెమ్మదిగా పైకి లాగి అరచేతిలో వేసుకుంది.

"సాక్ష్యమైతే మీరు వచ్చినరోజే ఏరుకోవాల్సింది ఇన్‌స్పెక్టర్ గారూ. అయిదు రోజులు రాళ్ళ సందులో దాచారెందుకు?"

వెనక నిలబడ్డ బసవేశ్వరరావు ఇబ్బందిగా కదిలాడు. రేపల్లెలో ఆ ఇల్లు అతనిదే. కాలిపోయిన పార్వతి అతని భార్య. కాల్చి చంపిందని పోలీసులు తెనాలి లాకప్‌లో పెట్టిన మాణిక్యమ్మ అతని కన్నతల్లి. ముందురోజు తెనాలిలో ప్లీడరు ప్రమీలారాణి ఆఫీసుకొచ్చి అతను అన్నది ఒక్కటే మాట: "మా అమ్మ చంపితే చంపిందనే చెప్పండి. చంపకపోతే ఆ మాటైనా నాకు తెలియాలి." అలాంటి మాట అన్న మనిషికి అబద్ధం చెప్పే హక్కు ఎవరికీ లేదని ఆమె అప్పుడే గట్టిగా అనుకుంది. అయితే గడువు తక్కువ. ఇవాళ కార్తీక పౌర్ణమి. తెల్లవారితే పోలీసు కస్టడీ ముగిసి మాణిక్యమ్మను మళ్ళీ మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

"నాకు కావలసినవి ఎప్పుడో ఏరాను" అంటూ శేషాచలం జేబులోంచి కవరు తీసి గలగలలాడించాడు. "నల్లపూసలు. అత్తా కోడలూ పెనుగులాడారు, కోడలి మెళ్ళో దండ తెగింది. అదిగో ఆ మూల కిరసనాయిలు టిన్ను, మూత తీసి ఉంది. ఇంకేం కావాలండీ మీకు?"

"జరిగింది మీ నోటితో ఒకసారి చెప్పండి. వరసగా."

శేషాచలం మొండివాడేగాని మొద్దు కాదు. చెప్పడం మొదలుపెడితే ఏ ముక్కా వదలడు. కార్తీక సోమవారం. పార్వతి పగలంతా ఉపవాసం ఉంది. చుక్కలు కనబడే వేళకు తలస్నానం చేసి, మడికి పట్టుచీర కట్టుకుని, పొయ్యి మీద నైవేద్యానికి పాయసం పెట్టింది. మాణిక్యమ్మ వసారాలో వత్తులు చేసుకుంటోంది. మగవాళ్ళెవరూ ఇంట్లో లేరు. కేక వినబడింది. పక్కింటి రావమ్మ వచ్చేసరికి కోడలు మంటల్లో ఉంది, అత్త ఆమెను పట్టుకుని ఉంది. మర్నాడు తెల్లవారుజామున పార్వతి ఆస్పత్రిలో కన్నుమూసింది.

"ఇప్పుడు మీకొక ప్రశ్న" అన్నాడతను మీసం దువ్వుకుంటూ. "లా చదువుకున్నారు, చీరాలలో మగ్గాల మధ్య పుట్టారు. పట్టుచీరకు నిప్పంటుకుంటే ఏమవుతుంది?"

"చుర్రుమంటుంది. నిప్పు తీసేస్తే చాలావరకు దానంతటదే ఆరిపోతుంది."

"మరి ఆ అమ్మాయి మెడ నుంచి మోకాలి దాకా ఎలా కాలింది? కిరసనాయిలు పోస్తే తప్ప పట్టు అలా మండదు. నేను కాకమ్మ కథలు చెప్పడం లేదు."

నిజమే. అదే ఆమెకు మింగుడుపడని ముక్క. ఇన్‌స్పెక్టరు లెక్కలో తప్పు కనబడటం లేదు. తప్పు లేని లెక్కతో ఒక మనిషికి ఉరి పడబోతోంది.

ప్రమీలారాణి అరచేతిలోని పలుకును కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. నల్లగా, గుండ్రంగా, నున్నగా ఉంది. నల్లపూస అంటే ఎవరైనా నమ్ముతారు. తలపిన్ను మొన దాని చుట్టూ తిప్పి తిప్పి చూసి, చెయ్యి చాచింది.

"మీ కవరు ఇటివ్వండి."

"ఎందుకు?"

"తినను లెండి."

అతను అయిష్టంగానే ఇచ్చాడు. ఆమె పూసలన్నీ పీట మీద పోసి ఒక్కొక్కదాన్నే పిన్నుతో పొడిచి చూసింది. ఒక్కదానిలోకీ పిన్ను దిగలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, బెజ్జం లేని పూసల్ని దండ ఎలా గుచ్చుకుంటారండీ మీ ఇంట్లో ఆడవాళ్ళు?"

శేషాచలం వంగి చూశాడు. అప్పుడు బసవేశ్వరరావు నోరు విప్పాడు.

"పార్వతి నల్లపూసల దండ ఆస్పత్రిలోనే నా చేతికిచ్చారండి. తెగలేదు. బీరువాలో ఉంది."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదయ్యా?" శేషాచలం ఉరిమాడు.

"మీరు అడగలేదండి."

"సరే, పూసలు కావు. మాడిన ఇంగువ పలుకులనుకోండి. వంటిల్లు కదా!"

ప్రమీలారాణి ఒక పలుకును రోట్లో వేసి పొత్రంతో గట్టిగా కొట్టింది. ఇంగువైతే పిండయ్యేది. అది టంగుమని ఎగిరి గోడకు తగిలి పడింది. తర్వాత ఆమె కిరసనాయిలు టిన్ను దగ్గరకెళ్ళింది. టిన్ను మెడ చుట్టూ సాలెగూడు అల్లుకుని ఉంది. మూత లేని మాట నిజమేగాని, ఆ గూడు చెదరకుండా టిన్ను వంచడం ఎవరి తరమూ కాదు.

"గూళ్ళు అయిదు రోజుల్లో అల్లుకోవా?" అన్నాడు శేషాచలం. మాట మాత్రం మునుపటంత గట్టిగా లేదు.

*

పక్కింటి రావమ్మ నోరు మంచిదని ఊళ్ళో ఎవరూ అనరు. అయినా కళ్ళతో చూసినదాన్ని దాచే రకం కాదు.

"మాణిక్యమ్మ కోడల్ని తిట్టిన మాట నిజమే అమ్మాయ్. ఆ సాయంత్రం గోడవతల నేను తులసి దగ్గరున్నా. 'ఆ చీర కట్టుకుంటేనే వంటింట్లోకి రా, లేకపోతే నా గడప తొక్కకు' అని అరిచింది. ఇదే పోలీసాయనకు చెప్పా."

"ఆ పిల్ల ఏమంది?"

"దురదత్తయ్యా, నడుమంతా దద్దుర్లు, నేను నూలుచీర తడిపి కట్టుకుంటా అంది."

"ఈ రెండో మాట కూడా పోలీసాయనకు చెప్పారా?"

"చెప్పా. దురద సంగతి మాకెందుకమ్మా అన్నాడు."

ప్రమీలారాణి శేషాచలం వైపు చూసింది. ఎండ ఎక్కకముందే అతని టెరికాట్ యూనిఫాం వీపుకు అతుక్కుపోయింది, మెడ దగ్గర గోక్కుంటున్నాడు. చెయ్యి చటుక్కున దించుకున్నాడు.

రైల్వే స్టేషనుకు వెళ్ళే దారిలోనే డాక్టర్ దేవదానం గారి గది. ఆయన పార్వతిని బాగా గుర్తుపెట్టుకున్నాడు.

"మొన్న మొదటి సోమవారం అయ్యాక వచ్చిందమ్మా. కుచ్చెళ్ళు దోపుకునే చోట నడుం చుట్టూ ఎర్రటి పట్టీ కట్టినట్టు దద్దుర్లు. టెర్లిన్ చొక్కాలు వేసుకునే కుర్రాళ్ళకు మెడ మీదా చంకల్లోనూ సరిగ్గా ఇలాగే వస్తాయి. అది ఫ్యాక్టరీ దారం. చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు. కొందరికి ఆ రంగులూ పడవు. మన ఉక్కలో ఆ బట్ట కట్టుకుంటే ఒంటికి అట్ట చుట్టుకున్నట్టే. నైలాను చీర మానెయ్యమ్మా అన్నాను. నాది నైలాను కాదండీ, పట్టు, మా అత్తయ్య తెనాల్లో కొన్నదీ అంది."

"మీరు నమ్మారా?"

"నమ్మక ఏం చేస్తాను? పూతమందు ఇచ్చి పంపాను. అదే దద్దురుతో ఇంకో ఇద్దరు వచ్చారు ఈ నెల్లో. వాళ్ళూ పట్టే అన్నారు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ పిల్ల ఒంటి నుంచి బట్ట ఊడి రాలేదటమ్మా. చర్మంతోపాటే వచ్చిందట."

పార్వతికి నిండా ఇరవై రెండేళ్ళు లేవు. ఏడుపు తర్వాత చూసుకోవచ్చు, ముందు పని కావాలి అనుకుని ప్రమీలారాణి తెనాలి బండెక్కింది.

*

లాకప్‌లో మాణిక్యమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. రెండు చేతులకూ కట్లు. ముందు పెట్టిన కాఫీ మీద మీగడ కట్టింది.

"పిన్నిగారూ, నన్ను మీ అబ్బాయి పంపాడు."

"వాడికి చెప్పమ్మా, నాకోసం ఖర్చు పెట్టొద్దని. నేనే చంపాను. ఈ ముక్క పోలీసాయనకీ చెప్పాను."

"విన్నారా?" అన్నాడు శేషాచలం. జీపులో వచ్చి ఆమెకంటే ముందే అక్కడున్నాడు.

ప్రమీలారాణి అతని వైపు తిరగలేదు. కటకటాల ముందు నేల మీద చతికిలబడింది. "ఏం పోశారు పిన్నిగారూ?"

"ఏం పోస్తాను? గంగాళంలో నీళ్ళు పోశాను. నీళ్ళు పోసినా చీర ఒంటిని వదిలితేగా! కరిగిన బెల్లప్పాకంలా అంటుకుపోయింది. లాగితే నా చేతులకూ అంటుకుంది. అది 'అత్తయ్యా, అత్తయ్యా' అంటోంది. అమ్మా అని కూడా అనలేదు."

"మరి చంపానంటారేంటండీ?"

"దురదగా ఉందని మొత్తుకుందమ్మా. నూలుచీర తడిపి కట్టుకుంటానంది. కార్తీకంలో తడిబట్టతో పొయ్యి ముందు కూర్చుంటే జలుబు చేస్తుంది, పైగా నేను ముచ్చటపడి కొన్న చీర అని పంతం పట్టాను. నేను కట్టించిన చీరే దాన్ని తినేసింది. ఇంకెవరు చంపినట్టమ్మా? రాసుకోమను. ఉరి తియ్యమను."

శేషాచలం కుర్చీలో కదిలాడు. ఇన్నాళ్ళూ నేరం ఒప్పుకోలు అనుకున్నది ఏమిటో అతనికి ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. అయినా బయటపడలేదు.

"ఏడుపులు కోర్టుకు పనికిరావండీ. చీర పట్టుదా కాదా? అది తేల్చండి. పట్టైతే నా కేసు నిలబడుతుంది."

"చీర తెప్పించండి. ఇక్కడే తేలుద్దాం."

ఖాకీ కాగితంలో చుట్టిన మూట వచ్చింది. కింద భాగమంతా నల్లగా గడ్డకట్టిపోయినా, కొంగు జానెడున్నర మేర మిగిలింది. అరటిపువ్వు రంగు, జరీ అంచు. వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూస్తే పట్టులాగే జారింది. ప్రమీలారాణి కొంగు చివర వేలాడే కుచ్చులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించింది. పోగు ముడుచుకుని మాడింది. వెంట్రుకలు కాలిన వాసన గదంతా పరుచుకుంది. వేళ్ళతో నలిపితే బూడిదైంది.

అసలు పట్టు. అనుమానం లేదు.

"నా కళ్ళముందే కొట్లో ఇలాగే కాల్చి చూపించాడమ్మా" అంది లోపలినుంచి మాణిక్యమ్మ. "పట్టు కాకపోతే నేనెందుకు కొంటాను?"

శేషాచలం కుర్చీలో వెనక్కి వాలాడు. "మీరే తేల్చారు ప్రమీలారాణి గారూ. చాలా థాంక్స్. చీర పట్టు. పట్టు దానంతటది అలా మండదు. కాబట్టి కిరసనాయిలు. రేపు కోర్టులో మీ పేరు కూడా చెప్పుకుంటాను."

ప్రమీలారాణి చెవులు ఎర్రబడ్డాయి. తను కేసు తీసుకున్న మనిషిని తనే ఉరికంబం దాకా నడిపించినట్టు అనిపించింది. కాసేపు ఆ కుచ్చుకేసే చూస్తూ కూర్చుంది. ఇంట్లో మగ్గం కనబడింది ఆమెకు. గుంటలో కాళ్ళు పెట్టి నేసే నాన్న, పొడుగ్గా సాగదీసిన దారాలు, అడ్డంగా అటూ ఇటూ పరిగెత్తే నాడె.

"ఛీ! మగ్గం గుంటలో పుట్టి ఇంత బుద్ధిలేకుండా పోయాను" అంది పైకే.

"ఏంటండీ?"

"కొంగు కుచ్చులో వేలాడేవి పడుగు పోగులే ఇన్‌స్పెక్టర్ గారూ. చీర పొడవునా నిలువుగా వెళ్ళే దారాలు. అడ్డంగా నేసే పేక దారం కుచ్చులోకి రానేరాదు. పట్టు పరీక్ష అంటే మన జనమంతా కుచ్చు పోగే కాలుస్తారు. కొట్టువాడూ కుచ్చే లాగుతాడు, కొనేవాళ్ళూ కుచ్చే చూస్తారు. కొత్త చీరను మధ్యలో ఎవరు చింపుకుంటారు?"

ఆమె కొంగు అంచును గోటితో చీల్చి, అడ్డదారం ఒకటి సాగదీసి లాగింది. రెండో అగ్గిపుల్ల గీసింది. మంట ఇంకా తగలకముందే దారం వానపాములా వెనక్కి ముడుచుకుంది. తర్వాత కరిగి, మండుతూ, చుక్కగా వేలాడి బల్లమీద పడింది. జుట్టు కాలిన వాసన లేదు. కాలిన ప్లాస్టిక్కు కంపు ముక్కు పగలగొట్టింది. చుక్క చల్లారి నల్లగా, గుండ్రంగా, నున్నగా గట్టిపడింది.

ప్రమీలారాణి కవరులోని పలుకును తీసి దాని పక్కన పెట్టింది. ఏది ఏదో చెప్పడం కష్టం.

"నైలాను" అంది. "ఉత్త పట్టైతే చుర్రుమని ఆరిపోయేది. ఉత్త నైలానైతే కరిగి కొంతైనా కిందికి కారిపోయేది. ఇందులో పట్టు పడుగు వత్తిలా నిలబడింది, నైలాను పేక నూనెలా కరిగి ఆ వత్తిని పట్టుకుని మండింది. దీపానికి కావలసినవన్నీ ఆ పిల్ల ఒంటికి చుట్టి, పొయ్యి ముందు కూర్చోబెట్టారు. కిరసనాయిలు ఎందుకండీ ఇంక?"

శేషాచలం చాలాసేపు ఆ రెండు చుక్కలనూ చూశాడు. మూడో అగ్గిపుల్ల తనే గీశాడు. ఇంకో అడ్డదారం తనే లాగి కాల్చాడు. నమ్మడానికి అతనికి తన చేతులు కావలసి వచ్చాయి. అందుకు ప్రమీలారాణి మనసులో అతన్ని మొదటిసారి మెచ్చుకుంది.

"చీర ఏ కొట్లో కొన్నారు?" అని కటకటాల వైపు తిరిగి అడిగాడు. ఈసారి గొంతులో ఉరుము లేదు.

*

చెంచురామయ్య బట్టల కొట్టు బజారు నడిబొడ్డున ఉంది. పౌర్ణమి బేరాలతో కిటకిటలాడుతోంది. ఇన్‌స్పెక్టర్ను చూడగానే ఆయన పరుపు మీంచి లేచి సోడా తెమ్మని కేకేశాడు.

"సోడా తర్వాత బాబాయ్ గారూ" అంది ప్రమీలారాణి కాగితం మూట విప్పుతూ. "ఈ చీర మీదేనా?"

ఆయన కాలిన వైపు చూడలేదు. అంచు మాత్రం చూశాడు. "మా సరుకేనమ్మా. మడిపట్టు. కావాలంటే పోగు కాల్చి చూపిస్తాను."

"కుచ్చులోదా, పేకదా?"

చెంచురామయ్య చెయ్యి కుచ్చు దగ్గరే ఆగిపోయింది. ఆ ఆగిపోవడం శేషాచలం కూడా చూశాడు.

"పేక నైలాను వేయించమని నేతవాళ్ళకు ఆర్డరిచ్చింది మీరేనా?"

"ఇచ్చాను, అయితే ఏంటమ్మా? నైలాను వేస్తే చీర నిగనిగలాడుతుంది. ముడత పడదు. తడిపితే చిటికెలో ఆరుతుంది. లోకమంతా అదే కట్టుకుంటుంటే మా కొట్లోనే తప్పొచ్చిందా?"

"నైలానని చెప్పి అమ్మారా?"

"చెబితే మడికి ఎవరు కొంటారు?" నోరు జారిన సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది. "పట్టు ధర పెట్టలేనివాళ్ళకు పుణ్యం దక్కాలి కదా అని…"

"నైలాను చీర కట్టుకున్నానని తెలిసినావిడ పొయ్యి దగ్గర కొంగు బిగించుకుంటుంది. పట్టనుకున్నావిడ ధైర్యంగా కూర్చుంటుంది. పార్వతి అలాగే కూర్చుంది. మీరు అమ్మింది ఆ ధైర్యం."

శేషాచలం బల్ల మీద గుద్దాడు.

"ఇంకెన్ని అమ్మావ్? ఎవరికి?"

"విడిగా నాలుగో అయిదో అండి, రేపల్లె వైపు. మిగతా సరుకంతా బాపట్ల పోయింది. అక్కడ భజన సమాజం ఆడవాళ్ళు అందరికీ ఒకే రంగు కావాలన్నారు. అరవై చీరలు."

"అరవయ్యా! ఏ పండక్కి?"

ఆయన తల దించుకున్నాడు. సమాధానం కోసం ప్రమీలారాణి ఆగలేదు. ఆమెకు అర్థమైపోయింది. కార్తీక పౌర్ణమి సాయంత్రం ఆడవాళ్ళు ఏం చేస్తారో తెనాలిలో చంటిపిల్లనడిగినా చెబుతుంది. మడి కట్టుకుని, గుడి ముందు పక్కపక్కనే వరసగా కూర్చుని, ఏడాది పొడుగునా రోజుకొకటి చొప్పున లెక్కగట్టిన వత్తుల కట్టను నేతిలో ముంచి వెలిగిస్తారు. ఒకరి కొంగు ఇంకొకరి దీపానికి జానెడు దూరం.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

*

స్టేషనుకు తిరిగొచ్చి శేషాచలం ట్రంకాల్ పెట్టించాడు. అరగంట తర్వాత బాపట్ల దొరికింది. గరగరల మధ్య అవతలి ఎస్సై గొంతు గదంతా వినబడింది.

"అరవై మందీ వచ్చేశారండీ, ఒకే రంగు చీరల్లో చూడముచ్చటగా ఉన్నారు. పౌర్ణమి ఘడియలు త్వరగా వెళ్ళిపోతాయని పంతులుగారు ముహూర్తం ముందుకు జరిపారు. పొద్దు వాలగానే వెలిగిస్తారు."

"ఆపించవయ్యా! ఆ చీరలు మార్చుకోమను!"

"మడిలో ఉన్న ఆడవాళ్ళండీ సార్. కానిస్టేబులు వెళ్ళి మీ చీరలు విప్పి మార్చుకోండి అంటే చెప్పు తీసుకుంటారు. పైగా పట్టుచీరకు నిప్పు భయమేంటంటారు. పోగు కాల్చి చూపిస్తారు. ప్రయత్నిస్తాగానీ…"

లైను తెగిపోయింది. మళ్ళీ కలపమంటే టెలిఫోన్ అమ్మాయి గంట పడుతుందంది.

శేషాచలం టోపీ అందుకున్నాడు. "పదండి. జీపులో వెళ్దాం. మీరు ఆడవాళ్ళు, మీ మాట వింటారు."

"వినరు" అంది ప్రమీలారాణి నిజాయితీగా. "క్రాఫు చేయించుకుని, చేతికి వాచీ పెట్టుకుని, మైలబట్టతో వచ్చినదాన్ని. నన్ను ఆ దరిదాపులకే రానివ్వరు."

"నన్ను రానిస్తారు."

ఇద్దరూ తిరిగి చూశారు. మాణిక్యమ్మ కటకటాలు పట్టుకుని నిలబడి ఉంది. అయిదు రోజుల్లో ఆవిడ లేచి నిలబడటం అదే మొదటిసారని కాపలా కానిస్టేబులు తర్వాత చెప్పాడు.

"అంతా విన్నాను. మడి పేరు చెప్పి కోడలికి ఆ చీర కట్టించింది నేను. ఎవరేం అంటారో, ఏం చెబితే పంతం వదులుతారో నాకు తెలిసినట్టు మీకు తెలియదు. దానిలాంటి పిల్లలెందరున్నారో అక్కడ. తీసికెళ్ళండి నన్ను."

ముద్దాయిని మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండా ఊరు దాటిస్తే ఉద్యోగం ఊడుతుంది. శేషాచలం ప్రమీలారాణి వైపు చూశాడు. ఈ నిర్ణయం అతనిది. తాళంచెవి గుత్తి బల్లమీద ఉంది. దాన్ని తీసుకుని తనే వెళ్ళి తలుపు తీశాడు.

జీపు వంతెన దాటేసరికి పొద్దు వరిచేల మీదికి ఒరుగుతోంది. బాపట్ల ఇంకా చాలా దూరం. రోడ్డుకడ్డంగా గడ్డిబండి ఒకటి వస్తే డ్రైవరు బ్రేకు వేశాడు. వెనక సీట్లోంచి మాణిక్యమ్మ ముందుకు వంగి ఇన్‌స్పెక్టరు భుజం తట్టింది.

"నన్ను రేపు ఉరి తియ్యండి బాబూ. ఇవాళ మాత్రం కాస్త తొందరగా పోనివ్వండి."